మామిడి అమ్మకానికి కరపత్రం: ప్రెస్సుకి వెళ్లే ముందు వేసుకోవలసిన లెక్క

నూజివీడు, ఆగిరిపల్లి, మైలవరం వైపు రెండు మూడెకరాల మామిడి తోట ఉన్న రైతులు చాలామంది పూత మీదే తోటను గుత్తకి ఇచ్చేస్తారు. అప్పు తీరాలి, చేతిలో డబ్బు ఆడాలి, తప్పదు. గుత్తకివ్వకుండా నిలబడ్డవాళ్లు కాయ కోసి నున్న మార్కెట్టుకి తోలితే కమీషను, తరుగు, హమాలీ పోను మిగిలేదెంతో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందుకే కొందరు పెట్టెల్లో పెట్టి విజయవాడ కాలనీల్లో, అపార్టుమెంట్లలో నేరుగా అమ్ముకుంటున్నారు. 2020 లాక్‌డౌన్ వేసవిలో మార్కెట్లు కదలనప్పుడు ఇలా మొదలెట్టినవాళ్లూ ఉన్నారు.

అలా అమ్మాలంటే మన దగ్గర కాయ ఉందని పట్నంలో వాళ్లకి తెలియాలి. వాట్సాప్ గ్రూపులో పెడితే మనకి తెలిసినవాళ్లకే చేరుతుంది. తెలియని వీధికి చేరాలంటే ఇప్పటికీ పనికొచ్చేది పొద్దున పేపర్లో పెట్టి పంచే కరపత్రమే. ఊళ్లో అందరూ పాంప్లెట్ అంటారు. దీనికి పెద్ద ఖర్చు కాదు కదా అని పది నిమిషాల్లో ఆర్డరు ఇచ్చి వచ్చేస్తాం. ఆ పది నిమిషాల్లోనే నష్టమంతా జరిగిపోతుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మా బావమరిదికి మూడెకరాల బంగినపల్లి ఉంది. ఒక ఏడాది గుత్తకివ్వకుండా రెండు వేల కరపత్రాలు వేయించాడు. పేపర్లలో రాసేవాడినని ప్రూఫు నన్నే చూడమన్నాడు. నేను ఒత్తులు చూశాను, దీర్ఘాలు చూశాను, 'బంగినపల్లి' స్పెల్లింగు దగ్గర పెద్ద చర్చే పెట్టాను. ఫోను నంబరు మాత్రం చూడలేదు. అందులో ఒక 6 కాస్తా 9 అయి కూర్చుంది. ఆదివారం పొద్దున పంచారు. మధ్యాహ్నం దాకా ఒక్క ఫోనూ లేదు. సాయంత్రం వాడే ఆ తప్పు నంబరుకి చేసి చూస్తే ఎవరో రిటైరైన మేస్టారు ఎత్తారు. "బాబూ, పొద్దుట్నుంచి మామిడికాయలు మామిడికాయలని ఇరవై మంది చేశారు, మీ తోట ఎక్కడో చెబితే నాకూ రెండు పెట్టెలు పంపించండి" అన్నారట. ఆయనకి పంపించాం. మిగతా కాయ మార్కెట్టుకే వెళ్లింది. ప్రెస్సువాళ్లని అడిగితే ప్రూఫు మీద నా సంతకం చూపించారు. సంతకం నాదే, ఇక మాట్లాడేదేముంది?

కాబట్టి ఈ వారం కరపత్రం గురించే వివరంగా చెప్పుకుందాం. మామిడి ఉదాహరణగా చెబుతున్నాను గానీ నర్సరీ మొక్కలకైనా, నాటు కోడిగుడ్లకైనా, బెల్లానికైనా పద్ధతి ఇదే.

ముందు కాయ, తర్వాత కాయితం

ఎన్ని వేయించాలి అని ప్రెస్సువాణ్ణి అడక్కూడదు. తోటని అడగాలి. చెట్టు చెట్టుకూ తిరిగి ఎంత కాయ ఉంది, వారానికి ఎంత కోయగలం, ఎంత మాగబెట్టగలం, ఆదివారం పొద్దున ఎన్ని పెట్టెలు ఇళ్లకు చేర్చగలం అని అంచనా వేసుకోండి. ఒక ఆటో, ఇద్దరు మనుషులతో పొద్దుటి పూట నలభై ఇళ్లకి చేర్చగలిగితే గొప్పే. వారానికి నలభై పెట్టెలు ఇవ్వగలిగేవాడు పదివేల కరపత్రాలు పంచితే లేదు లేదని చెప్పుకోవడంతోనే సరిపోతుంది. ఒకసారి లేదనిపించుకున్నవాళ్లు మళ్లీ చేయరు.

ఖర్చు రాబట్టుకునే లెక్క ఇలా వేసుకోండి. అచ్చుకి, పంచడానికి కలిపి 4,000 రూపాయలు అయిందనుకుందాం. ఇది లెక్క కోసం వేసుకున్న అంకె, మీ ఊళ్లో రేటు మీరు కనుక్కోవాలి. మార్కెట్టుకి తోలితే వచ్చేదానికన్నా, నేరుగా అమ్మితే పెట్టె, ఆటో, పాడైన కాయ ఖర్చులన్నీ పోను కిలోకి 20 రూపాయలు ఎక్కువ మిగులుతుందనుకుందాం. అప్పుడు 200 కిలోలు, అంటే 5 కిలోల పెట్టెలు 40 అమ్మితే కరపత్రం ఖర్చు వస్తుంది. నలభై ఒకటో పెట్టె నుంచే మీకు అదనపు లాభం. పంచింది రెండు వేలైతే యాభై ఇళ్లకి ఒక ఇల్లు కొంటే ఖర్చు దగ్గర ఆగుతాం. మీ చేతిలో ఉన్నది మొత్తం 300 కిలోలే అయితే రెండు వేలు వేయించడం దండగ. అచ్చు మానేసి తెలిసినవాళ్లకి ఫోన్లు చేసుకోవడం మేలు.

రకాన్ని బట్టి కూడా చూసుకోవాలి. బంగినపల్లి నాలుగు రోజులు నిలవ ఉంటుంది. చిన్నరసం, పెద్దరసం మాగిన తర్వాత అంతగా ఆగవు. రసాలకి కరపత్రం వేస్తే 'ఈ ఆదివారం, వచ్చే ఆదివారం' అని దగ్గరి తేదీలు ఇవ్వాలి గానీ నెలంతా దొరుకుతాయని రాయకూడదు.

ప్రెస్సులో వినబడే మాటలు

ప్రెస్సుకి వెళ్లగానే "డెమ్మీలో ఎనిమిదోవంతా, ఏ ఫోరా, ఎంత జీఎస్ఎం?" అంటారు. తెలియక తలూపితే వాళ్లకి వీలైంది వేసి ఇస్తారు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

డెమ్మీ అంటే కాయితం కొలత. పూర్తి షీటు 17.5 అంగుళాల వెడల్పు, 22.5 అంగుళాల పొడవు. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి దాదాపు అయిదున్నర అంగుళాలకి ఎనిమిదీ ముప్పావు అంగుళాలు వస్తుంది. మనం రోజూ చూసే చిన్న కరపత్రం ఇదే. జిరాక్సు కాయితాన్ని, అంటే ఏ ఫోర్‌ని సగానికి మడిస్తే వచ్చే సైజూ ఇంచుమించు ఇంతే. మన పనికి ఇది చాలు. రీముకి 500 షీట్లు కాబట్టి ఒక డెమ్మీ రీములో 4,000 కరపత్రాలు వస్తాయి. వెయ్యికి 125 షీట్లు, మిషను సర్దేటప్పుడు పాడయ్యేవి ఇంకో పది పదిహేను వేసుకోండి. ఈ లెక్క తెలిస్తే కాయితం ఖర్చు ఎంత చెబుతున్నారో మీరే పోల్చుకోవచ్చు.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాయితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న అంకె. 60, 70 జీఎస్ఎం మాప్లితో కాయితం కరపత్రానికి సరిపోతుంది. అంతకన్నా పల్చనిదైతే రెండో వైపు అక్షరాలు ఈవైపు కనబడతాయి. నున్నగా మెరిసే ఆర్టు పేపరు రంగుల ఫొటోలకి బాగుంటుంది, ఖరీదూ ఎక్కువే. పైగా దాని మీద పెన్నుతో రాస్తే సరిగా పడదు. ఆర్డరు రాసుకునే గడి పెట్టుకునేవాళ్లు ఈ సంగతి చూసుకోవాలి.

ఇక ఆఫ్‌సెట్. ఇందులో పలుచని అల్యూమినియం ప్లేటు మీదికి మన మేటరు ఎక్కిస్తారు. నీళ్లకి, జిడ్డుకి పడదు కదా, ఆ సూత్రం మీదే అది నడుస్తుంది. అక్షరం ఉన్నచోట జిడ్డు ఇంకు పట్టుకుంటుంది, లేనిచోట తడి దాన్ని పట్టనివ్వదు. ఆ ప్లేటు ఖర్చు, మిషను సర్దే కూలీ వందకైనా అయిదు వేలకైనా ఒకటే. అందుకే వెయ్యికి అయిన ఖర్చు రెండు వేలకి రెట్టింపు కాదు. "ఇంకో వెయ్యి వేయించుకోండి, కాయితం ఖర్చే" అని ప్రెస్సువాళ్లు అనేది అబద్ధం కాదు. కానీ ఆ వెయ్యి పంచడానికి మళ్లీ డబ్బులవుతాయని వాళ్లు చెప్పరు. ఇంటి అటక మీద మిగిలిపోయిన నిరుటి కరపత్రాలు ఎన్నిళ్లలో చూశానో. నూరు, నూటయాభై కావాలంటే ఆఫ్‌సెట్ జోలికి పోకుండా ఒకటి మంచిగా ప్రింటు తీయించి జిరాక్సు కొట్టించుకోవడం చౌక.

రంగుల విషయం. ఒక రంగైతే ఒక ప్లేటు, రెండు రంగులైతే రెండు ప్లేట్లు. ఫొటోతో పూర్తి రంగుల్లో కావాలంటే నాలుగు ప్లేట్లు. పూర్తి రంగులవి చవగ్గా వేసేచోట నలుగురైదుగురి పనిని ఒకే పెద్ద షీటు మీద కలిపి అచ్చు కొడతారు. రేటు తగ్గుతుంది గానీ రంగు మన చేతిలో ఉండదు. పక్కవాడి ఆసుపత్రి కరపత్రంలో నీలం ఎక్కువ కావాలంటే మన బంగినపల్లి పచ్చబారి కనబడొచ్చు. నా సలహా అడిగితే పసుప్పచ్చ కాయితం మీద నల్ల ఇంకు ఒక్కటే చాలు. మామిడికి పసుపు ఎలాగూ నప్పుతుంది. అయితే ఒంటి రంగు అచ్చులో ఫొటో వేయకండి, కాయ కాస్తా బొగ్గు ముద్దలా వస్తుంది. గీతల బొమ్మ ఒకటి వేయించండి.

ఏం రాయాలి

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతున్నాయి. పైన దేవుడి బొమ్మ, కింద తాతగారి బొమ్మ, మధ్యలో 'మా వద్ద అన్ని రకముల నాణ్యమైన' అని నాలుగు వరసలు. చదివేవాడికి పది క్షణాల తీరిక ఉండదు, వాడి చేతిలో కాఫీ గ్లాసు ఉంటుంది. ఇంకో సంగతి, కరపత్రం చివరికి కాళ్ల కింద పడేదే. దాని మీద వెంకటేశ్వరస్వామిని వేయడం నాకైతే మనసొప్పదు.

అమ్మేది ఏమిటో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి. తోట పేరు, మీ పేరు తర్వాత. ఇలా రాసుకోవచ్చు:

బంగినపల్లి మామిడి, తోట నుంచి మీ ఇంటికి.
నూజివీడు దగ్గర మా సొంత తోట. చెట్టు మీద ముదిరిన కాయ కోసి గడ్డిలో మాగబెట్టాం. కార్బైడ్ వాడం.
5 కిలోల పెట్టె ఇంతకి. మూడు పెట్టెలు దాటితే ఇంటికి చేర్చే ఖర్చు లేదు.
మే మొదటి ఆదివారం నుంచి నాలుగు ఆదివారాలు. శుక్రవారం రాత్రి 8 లోపు చెబితే ఆదివారం పొద్దున 10 లోపు అందుతుంది.
పాడైన కాయ వస్తే ఫొటో పంపండి, వచ్చే వారం అన్ని కాయలు బదులిస్తాం.
ఫోను, వాట్సాప్ నంబరు, పక్కన మీ పేరు, ఊరు.

చూశారా, ఇందులో గొప్పలు లేవు. ధర వేయడానికి చాలామంది భయపడతారు, మార్కెట్టు మారితే ఎలాగా అని. ధర లేని కరపత్రానికి ఫోను చేసేవాళ్లు తక్కువ. మారుతుందనుకుంటే 'ఈ ధర ఫలానా తేదీ వరకు' అని రాయండి. అచ్చులో వేసిన మాటకి నిలబడాలి మరి. రాసిన ధరకి ఇవ్వలేకపోతే వచ్చే ఏడాది ఆ వీధిలో మీ కాయితం ఎవరూ చదవరు.

రాయకూడనివీ ఉన్నాయి. 'కార్బైడ్ వాడం' అని రాస్తే నిజంగానే వాడకూడదు. కాల్షియం కార్బైడుతో పళ్లు మాగబెట్టడాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. దాన్నుంచి వచ్చేది ఎసిటిలీన్ వాయువు, అందులో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉండే ప్రమాదం ఉంది. ఇథిలీన్ వాయువును నిర్ణీత మోతాదులో వాడుకోవచ్చు. గదిలో ఇథిలీన్ పెట్టి మాగించినవాళ్లు 'గడ్డిలో మాగబెట్టాం' అని రాయకుండా ఆ మాటే చెప్పవచ్చు, తప్పేమీ లేదు.

'ఆర్గానిక్', 'సేంద్రియ' అన్న మాటలు రాసే ముందు ఆగండి. సొంత పంటను నేరుగా తినేవాళ్లకి అమ్ముకునే చిన్న రైతుకి ధ్రువపత్రం విషయంలో కొంత సడలింపు ఉంది గానీ, ధ్రువపత్రం లేకుండా 'జైవిక్ భారత్' ముద్ర వాడుకోకూడదు. డీటీపీ కుర్రాడు అందంగా ఉందని కంప్యూటరులోంచి తీసి పెట్టేస్తాడు, తీయించండి.

జబ్బులు తగ్గుతాయని అస్సలు రాయవద్దు. నేరేడు గింజల పొడితో షుగరు తగ్గుతుందని, ఇంకోదానితో ఇంకో రోగం పోతుందని కరపత్రాలు వస్తుంటాయి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం కింద మధుమేహం వంటి జాబితాలోని జబ్బులకి మందని ప్రకటన వేయడం నేరం. వేసినవాడు చదువు రాని రైతా, పెద్ద కంపెనీయా అని చట్టం చూడదు. తాండ్ర, పచ్చళ్ల వంటివి తయారుచేసి అమ్మేవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను చేయించుకుని, ఆ 14 అంకెల నంబరు డబ్బా లేబులు మీద వేయాలి. కరపత్రంలోనూ వేస్తే కొనేవాళ్లకి నమ్మకం.

ప్రూఫు చూసేటప్పుడు

మీరు ఫోనులో టైపు చేసి పంపిన తెలుగు చాలా ప్రెస్సుల్లో నేరుగా పనికిరాదు. ఫోనులో ఉండేది యూనికోడు. డీటీపీలో చాలామంది ఇప్పటికీ అను వంటి పాత ఫాంట్లే వాడతారు. దాన్ని మారుస్తారు, లేదా మళ్లీ టైపు చేస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతాయి, అంకెలు తారుమారవుతాయి. 'తోట' కాస్తా 'తొట' అవుతుంది. కాబట్టి కంప్యూటరు తెర మీద చూసి 'బాగుంది' అనవద్దు. తెల్ల కాయితం మీద ప్రింటు తీసి ఇమ్మని, ఇంటికి తెచ్చుకుని, తోట సంగతి తెలియని ఇంకొకరి చేత పైకి చదివించండి. మనం రాసింది మనకి కనబడదు.

నంబరు దగ్గర ఒక్కటే పద్ధతి. ప్రూఫు మీద అంకెలు చూస్తూ వేరే ఫోనులోంచి డయల్ చేయండి. మీ జేబులో ఫోను మోగితేనే సంతకం పెట్టండి. నేను ఆ పని చేసి ఉంటే మేస్టారికి ఇరవై ఫోన్లు వెళ్లేవి కావు. డబ్బు కట్టే క్యూఆర్ గడి వేస్తే దాన్నీ ప్రూఫు మీదే స్కాను చేసి, ఒక్క రూపాయి పంపి, ఎవరి పేరు వస్తుందో చూసుకోవాలి. ఆ గడి కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ ఖాళీ వదలాలి, లేత కాయితం మీద నల్లగా పడాలి. ముదురు గులాబీ కాయితం మీద కొన్ని ఫోన్లు పట్టుకోవు.

ఫొటో ఇవ్వాల్సివస్తే వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, అది బరువు తగ్గించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది.

తేదీలు కూడా ముందే చూసుకోవాలి. మామిడి వచ్చేసరికి వైశాఖం ముహూర్తాలు. ప్రెస్సులన్నీ శుభలేఖలతో, ఆపైన బళ్ల అడ్మిషన్ల కాయితాలతో నిండిపోయి ఉంటాయి. ఎన్నికలొస్తే చెప్పనే అక్కర్లేదు. కోతకి పదిహేను రోజుల ముందే మేటరు ఇచ్చేయండి. బయానా ఇచ్చేటప్పుడు సైజు, కాయితం, ఎన్ని, ఏ రోజుకి, జీఎస్టీ కలిపా విడిగానా అన్నవి చీటీ మీద రాయించుకోండి. కట్టలు తెచ్చుకున్నాక ఒకదాన్ని లెక్కపెట్టి చూసుకోండి, మొహమాటం వద్దు.

పంచే దగ్గర

పేపరు ఏజెంటు వెయ్యికింత అని తీసుకుంటాడు. కట్టలు ముందురోజు సాయంత్రానికే అందాలి, పేపర్ల మడత తెల్లవారుజామున నాలుగు లోపే మొదలవుతుంది. ఊరంతటికీ చల్లకండి. పటమట అనుకుంటే పటమటే, సత్యనారాయణపురం అనుకుంటే అదే. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటే ఆటో ఒక్క తిరుగుడులో అయిపోతుంది. ఒకే ఏరియాలో ఈ వారం అయిదు వందలు, స్పందన చూసి వచ్చే వారం అయిదు వందలు పంచడం చిన్న రైతుకి మంచి పద్ధతి. మొదటి రోజు మీరో, మీ అబ్బాయో ఆ మడత పెట్టే చోటికి వెళ్లి ఓ పక్కన నిలబడి టీ తాగండి. కరపత్రాలు పేపర్లలోకే వెళుతున్నాయో లేదో తెలుస్తుంది. నలుగురు కుర్రాళ్లకి తలా ఒక పండు ఇస్తే పనీ శ్రద్ధగా జరుగుతుంది.

ఆదివారం పేపర్లో నగల కొట్లవీ, బట్టల కొట్లవీ కరపత్రాలు అరడజను ఉంటాయి, మనది వాటి మధ్య నలిగిపోతుంది. గురువారం, శుక్రవారం మేలు. ఆర్డరు చెప్పడానికీ టైము దొరుకుతుంది. గోడల మీద, కరెంటు స్తంభాల మీద అంటించవద్దు, బహిరంగ ప్రదేశాలను పాడుచేయకుండా 1997 నుంచీ చట్టం ఉంది. అపార్టుమెంటులో వాచ్‌మన్‌ని అడిగి, అసోసియేషను సెక్రటరీ సరేనంటే నోటీసు బోర్డులో ఒక్కటి పెట్టించుకుంటే వంద కరపత్రాలతో సమానం.

ఏ ఏరియాలో పంచిన కట్ట మీద ఆ ఏరియా గుర్తుగా మూలన చిన్న అంకె వేయించుకోండి, లేదా స్కెచ్ పెన్నుతో కట్ట అంచున గీత గీస్తే ప్రతి కాయితం అంచు మీదా చుక్క పడుతుంది. ఫోను చేసినవాళ్లని "మూలన ఏ అంకె ఉందండీ?" అనో, "అంచు మీద ఏ రంగు చుక్క ఉందండీ?" అనో అడిగి నోటుబుక్కులో రాసుకోండి. పేరు, ఇంటి నంబరు, ఎన్ని పెట్టెలు, కాయ ఎలా ఉందన్నారు అన్నవీ అందులోనే. మా బావమరిది రెండో ఏడు అయిదు వందలే వేయించాడు, నంబరు సరిగ్గా పడింది. మూడో ఏడు అసలు వేయించలేదు. నోటుబుక్కు చూసి ఫోన్లు చేసుకున్నాడు. ఆ పుస్తకంలో మొదటి పేరు మేస్టారిదే.